వెన్నును తాకని ఆసనం

జీను కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు దాని మీద ఎక్కి కూర్చుంటారు. మెత్తగా ఉందా, తోలు నునుపుగా ఉందా అని తడిమి చూస్తారు. దుకాణంలో గుర్రం ఉండదు కాబట్టి దాని సంగతి వెనక్కి పోతుంది. సరదాకి, పచ్చిక దారుల్లో గంటల తరబడి స్వారీ చేయాలనుకునేవాళ్ళు చేసే పొరపాట్లలో ఇదే పెద్దది. ఎందుకంటే జీను పుట్టినప్పటి నుంచీ దాన్ని తీర్చిదిద్దింది గుర్రం వీపే.

ఆ వీపును కాస్త దగ్గరగా చూద్దాం. గుర్రానికి ఛాతీ భాగంలో సాధారణంగా 18 వెన్నుపూసలు ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక ఎముక ముల్లులా పైకి పొడుచుకొస్తుంది. మెడ ముగిసేచోట ఈ ముళ్ళు మరీ పొడుగు. మూపు ఎత్తుగా కనబడేది అందుకే. వెన్నుకు అటూ ఇటూ పొడవాటి కండరాలు, వాటి కింద పక్కటెముకలు. మనిషి బరువు ఆనాల్సింది వీటి మీదే. వెన్ను మీద పడకూడదు, ఆఖరి పక్కటెముక దాటిన నడుము మీదా పడకూడదు. అక్కడ కింద నుంచి పక్కటెముకల దన్ను లేదు.

తొలినాటి రౌతులు గుర్రం వీపున గుడ్డ కప్పి కూర్చునేవాళ్ళు. నేరుగా కాలనిర్ణయం చేసిన జీనుల్లో అతి పాతది చైనా వాయవ్యంలోని తుర్ఫాన్ దగ్గర, యాంగ్‌హాయ్ శ్మశానంలో ఒక స్త్రీ సమాధిలో దొరికింది. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరికీ 4వ శతాబ్దం మొదటికీ నడుమ ఎప్పుడో చేసినది. పశువుల తోలుతో కుట్టిన రెండు దిండ్లు, లోపల గడ్డి, ఒంటె వెంట్రుకలు, జింక వెంట్రుకలు. ఆమె దాని మీద కూర్చున్నట్టుగానే అమర్చి పూడ్చిపెట్టారు. రష్యాలోని ఆల్తాయ్ కొండల్లో, పజిరిక్ సమాధుల మంచులో చెడకుండా నిలిచిన జీనులు కూడా ఈ తీరులోనివే. రెండు దిండ్ల నడుమ వెన్నుకు చోటు వదలాలన్న ఊహ అప్పటికే వచ్చేసింది. నెత్తికీ బిందెకీ మధ్య చుట్టకుదురు చేసే పనినే ఈ దిండ్లూ చేశాయి. అయితే దిండు నలుగుతుంది, అణుగుతుంది. గంటలు గడిచేకొద్దీ బరువు మళ్ళీ వెన్ను వైపే జారుతుంది.

అసలు మలుపు కర్ర చట్రం. పశ్చిమ మంగోలియాలో ఉర్ద్ ఉలాన్ ఉనీత్ అనే గుహలో సుమారు 1600 ఏళ్ళ నాటి జీను బయటపడింది. ఆరేడు బిర్చి కర్ర ముక్కల్ని కర్ర మేకులతో బిగించి చేశారు. ఎర్ర రంగు, నల్ల అంచు, ఇరుపక్కలా పాదాలు మోపే రికాబులు వేలాడదీయడానికి కావచ్చుననిపించే తోలు పట్టీలు. అంతకు కొంచెం అటూ ఇటూగా, 415లో చైనాలో ఫెంగ్ సుఫు అనే ప్రముఖుణ్ణి సమాధి చేసినప్పుడు రికాబుల జత కూడా పెట్టారు. పాదానికి ఆసరా ఉండాలన్న ఆలోచన మన దేశంలో అంతకన్నా పాతది. సాంచి శిల్పాల్లో రౌతు పాదానికి తాడు ఉచ్చు కనిపిస్తుంది. కానీ రికాబు మీద నిలబడాలంటే చట్రం ఉండి తీరాలి. చట్రం లేని మెత్త మీద రికాబు పట్టీలు వేస్తే, మనిషి లేచినప్పుడల్లా బరువంతా ఆ సన్నటి పట్టీల మేరకే వీపును కోస్తుంది. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమేగా! అదే బరువును చట్రం రెండు పక్కలా వెడల్పుగా పరుస్తుంది. 2012లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒత్తిడిని కొలిచే మెత్తలు వేసి పోల్చినప్పుడు కూడా చట్రం ఉన్న జీనే బరువును ఎక్కువ మేర పంచింది.

చట్రం వచ్చాక పనిని బట్టి రూపాలు మారాయి. అమెరికా సైన్యం 1859లో తీసుకున్న మెక్లెలన్ జీనుకి నడిమధ్య పొడవునా ఖాళీ వదిలేశారు. గాలి ఆడుతుంది, వెన్ను తగలదు. రౌతుకు మాత్రం అది గట్టి ఆసనమే. పశువుల కాపరులు వాడే వెస్టర్న్ జీను బరువెక్కువ. ముందున్న కొమ్ము తాడు చుట్టి పశువును ఆపడానికి. విహారానికి వెళ్ళేవాళ్ళకి దాని అవసరం లేదు, కానీ దాని అడుగు వైశాల్యం వాళ్ళకి వరమే. ఆస్ట్రేలియా స్టాక్ జీనుకి తొడల ముందు మెత్తటి ఆనులు ఉంటాయి. నిట్రపు వాలు దిగేటప్పుడు మనిషి ముందుకు తూలిపోకుండా ఆపుతాయి. ఎత్తుపల్లాల దారుల్లో తిరిగేవాళ్ళకి నేను మొదట చెప్పేది దీని పేరే.

అయితే ఏ రకమైనా కొలత గుర్రానిదే. రేసులు మానిపించిన థరోబ్రెడ్‌కి మూపు ఎత్తుగా, సన్నగా ఉంటుంది. బలిసిన పొట్టి గుర్రానికి వీపు బల్లపరుపు. ఒకదాని జీను రెండోదానికి పనికిరాదు. కింద దుప్పటి ఏదీ వేయకుండా జీనును వట్టి వీపు మీద, భుజపుటెముకకు వెనగ్గా పెట్టండి. గుర్రం ముందుకాలు చాచినప్పుడు ఆ ఎముక వెనక్కి కదులుతుంది, దానికి చోటుండాలి. మనిషి ఎక్కాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. తర్వాత అరచేతిని చట్రం కింద ముందు నుంచి వెనక్కి జరుపుతూ పోండి. ఒత్తిడి అంతటా ఒకేలా తగలాలి. ముందూ వెనకా నొక్కుతూ మధ్యలో చెయ్యి వదులుగా ఆడితే, ఆ జీను నాలుగు మూలల మీదే నిలబడిందన్నమాట.

స్వారీ ముగిశాక జీను దించి చెమట చూడండి. చుట్టూ తడిసి మధ్యలో పొడిగా మిగిలిన చోట ఒత్తిడి అతిగా ఉండొచ్చు, లేదా జీను అసలు ఆనకపోయి ఉండొచ్చు. వేళ్ళతో నొక్కితే గుర్రమే చెబుతుంది. మూపు పక్కన తెల్లవెంట్రుకలు మొలిస్తే పాత గాయం గుర్తు. వెంట్రుకకు రంగునిచ్చే కణాలు ఒత్తిడికి చనిపోయాయి. దుళికి (ట్రాట్) నడకలో రౌతు వల్ల వీపు మీద పడే బలం అతని బరువుకి రెండింతలు దాటుతుందని గుర్తుంచుకుంటే ఇదెంత మామూలుగా జరుగుతుందో అర్థమవుతుంది. రౌతూ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదన్నది మంచి హద్దు.

ఇక మన సుఖం. పైన ఎంత మెత్త వేసినా మొదటి గంటకే అణిగిపోతుంది, ఆ తర్వాత పని చేసేది ఆసనం ఆకారమే. కూర్చునే రెండు ఎముకలూ సమంగా ఆనాలి. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలోకి రావాలి. రికాబులు మరీ ముందుకు కట్టిన జీనులో కాళ్ళు ముందుకు పోయి, మనిషి కుర్చీలో చేరగిలినట్టు వెనక్కి పడతాడు. ఆ బరువంతా జీను వెనక అంచున, నడుము దగ్గర దిగుతుంది. మన మోకాలి నొప్పీ గుర్రం నడుం నొప్పీ ఒకే తప్పు నుంచి పుడతాయి.

మన దేశంలో జీనులకు కాన్పూరు పెట్టింది పేరు. అక్కడి జీనుకి భౌగోళిక గుర్తింపు ఉంది, విదేశాలకూ వెళుతుంది. కాబట్టి మంచి సరుకు దొరకదన్న బెంగ అక్కర్లేదు. గుర్రం మీద వేసి, ఒక అరగంట నడిపించి, చెమట చూసి, నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చని ఒప్పుకున్న చోటే కొనండి. ఒప్పుకోకపోతే ఎంత చవకగా ఇస్తానన్నా వదిలేయండి.