శుక్రవారం అంటే మనామా సూక్ ఒక్కటేనా?

శుక్రవారం పొద్దున మా క్యాంపులో ఎవరినన్నా అడగండి, "ఇయ్యాల ఎటు పోతున్నవ్?" అని. "ఇంకెటు అన్నా, మనామకే" అంటడు. మనామా అంటే బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర దిగుడు, సూక్‌లో ఒక రౌండు కొట్టుడు, ఇంటికి పైసలు పంపుడు, బిర్యానీ తినుడు, ఊరోళ్లు కనబడితే రోడ్డు మీదనే గంటసేపు మాట్లాడుడు, మళ్లీ రూముకు. నేను కూడా మొదటి ఆరేళ్లు ఇంతే. ఊరోళ్లు కలిసే జాగ అది, దాన్ని తప్పు పట్టను. కానీ బహ్రెయిన్ అంతే అనుకుంటే నష్టం మనకే.

నాకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో చెప్తా. మా టీమ్‌లో షట్టరింగ్ చేసే ఒక తమ్ముడు, జగిత్యాల దిక్కు పిల్లగాడు, సగం జీతం ఒక్క రాత్రిల పోగొట్టుకున్నడు. దొంగలు కాదు. దోస్తులు ఒక పాటల బార్‌కు తీస్కపోయిండ్రు. లోపలికి పోవడం ఫ్రీ. స్టేజి మీద మన సినిమా పాటలే. పాడే అమ్మాయికి దండ వేయించాలంటే వెయిటర్‌కు సైగ చేస్తే చాలు, ఒక్కో దండ బిల్లులోకి ఎక్కుతది. పక్క టేబులోడు రెండు వేయిస్తే మనకు మూడు వేయించాలనిపిస్తది. ఆ వ్యాపారం నడిచేదే దాని మీద. తెల్లారి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇంటికి పంపనీకి పైసలు లేవు" అన్నడు. బాగా తిట్టిన. తర్వాత ఎందుకు పోయినవురా అంటే, "రాత్రి పూట పోవడానికి ఇంకేమున్నదన్నా ఈడ?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి కొన్ని శుక్రవారాలు వాణ్ణి వెంటేసుకొని తిరిగిన.

ముందు బస్సు సంగతి. ఎర్ర బస్సు ఎక్కితే నగదు ఇస్తే 300 ఫిల్స్, గో కార్డు ఉంటే ఇంకా తక్కువ. దేశమంతా కలిపినా సుమారు జగిత్యాల జిల్లాలో మూడో వంతు. అందుకే టాక్సీ జోలికి పోకుండా ఎటైనా పోవచ్చు. చివరి బస్సు టైమ్ మాత్రం ఎక్కేటప్పుడే డ్రైవర్‌ను అడిగి పెట్టుకోండి. సీపీఆర్ కార్డు జేబులో ఉండాలె.

నేను మొదట చెప్పేది ముహర్రక్. బ్రిడ్జి దాటితే వచ్చే దీవి, ఎయిర్‌పోర్టు ఉన్నది అక్కడే. మనలో చాలామందికి ముహర్రక్ అంటే వచ్చిన రోజు, పోయే రోజు. మనామా కంటే ముందు రాజధాని అది. పొద్దు దిగినంక పోండి. పాత సందుల్లో గుండ్రటి తెల్ల దీపాల వెంట నడిస్తే ముత్యాల దారి వస్తది, సుమారు మూడున్నర కిలోమీటర్లు. 2012లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. బయట నడవడానికి టికెట్ లేదు.

మన పని చేసేటోళ్లు ఆ ఇండ్ల గోడలు చూడాలె. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి, జిప్సం. సిమెంటు లేదు, రాడ్ లేదు. పైకప్పుకు ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మడ చెట్ల దుంగలు. దుంగ ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు, అందుకే గదులన్నీ సన్నగా ఉంటయి. ఐటీఐలో మాకు ఇది ఎవ్వరూ చెప్పలె.

ఆ ఇండ్లు కట్టిన పైసలు ముత్యాలవి. ఎండాకాలం నాలుగు నెలలు ఓడ మీదనే ఉండి, ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని మునిగేటోళ్లు. సీజన్‌కు ముందే ఓడ నాఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకునేది, అది తీరక మళ్లీ సంవత్సరం అదే ఓడ ఎక్కేది. తండ్రి చస్తే అప్పు కొడుకు మీద పడేది. 1920లలో చట్టం మార్చి ఆ పద్ధతి ఆపిండ్రు. ఈ మాట చెప్తుంటే మా తమ్ముడు నడిచేటోడు ఆగిపోయిండు. వానికి ఏజెంటు అప్పు ఇంకా ఉన్నది.

అక్కడి సూక్‌లో హల్వా దుకాణాలుంటయి. మొక్కజొన్న పిండి, చక్కెర, కుంకుమపువ్వు, బాదం, జిగటగా ఉంటది. చెంచాతో రుచి చూపిస్తరు, మొహమాటం లేకుండా అడగండి. చాయ్ దుకాణాల బయట ముసలోళ్లు క్యారమ్ ఆడుతుంటరు. సలాం చెప్పి నిలబడితే ఎవరూ ఏమనరు. మేము ఒక రాత్రి రెండు గంటలు చూసినం, ఖర్చు రెండు కరక్ చాయ్‌లు. ఇండ్ల ముందు ఆడోళ్లుంటే మాత్రం ఫోన్ తీయొద్దు.

తిండికి గుదైబియా. సూక్ నుంచి నడిచి పోవచ్చు. మనోళ్లు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు కలిసి ఉండే సందులు. తందూర్ బేకరీలో అప్పుడే తీసిన రొట్టె తీసుకొని, పక్క హోటల్లో పప్పు చెప్పుకుంటే పూట గడుస్తది. అద్లియా కూడా పేరున్న ఏరియానే, గోడల మీద బొమ్మలు బాగుంటయి, కూర్చుంటే మాత్రం జేబు ఖాళీ. చూసి రండి, తినకండి.

సామాన్లకు ఈసా టౌన్ మార్కెట్. 2012లో కాలిపోయి మళ్లీ లేచింది. బట్టలు, గిన్నెలు, తివాచీలు, పనిముట్లు, పాత సామాను కూడా దొరుకుతది. బేరం ఆడాలె. సెకండ్ హ్యాండ్ ఫోన్ బిల్లు లేకుండా కొనకండి. అది దొంగ ఫోన్ అయితే పోలీసు అడిగేది చేతిలో ఉన్నోణ్ణే, అమ్మినోణ్ణి కాదు. దీనార్ అంటే మన రెండు వందల రూపాయల పైనే అని గుర్తు పెట్టుకొని బేరం చేస్తే నోరు అదే లేస్తది.

ఊరికి పోయేటప్పుడు ముహర్రక్ హల్వా ఒక డబ్బా కట్టించుకోండి, లగేజీలో ఏం కాదు. నేను పోయినసారి తీస్కపోయిన. మా అమ్మ ఒక ముక్క తిని, "ఇంత దూరం దీనికే పోయినవా" అన్నది. డబ్బా మాత్రం రెండు రోజుల్లో ఖాళీ అయింది.