పెళ్ళివారొచ్చినట్టు... ఫుట్‌బాల్ జట్టొచ్చింది!

శనివారం రాత్రి వంట ముగించుకుని, కాస్త సీరియల్ చూద్దామని కూర్చుంటే రిమోట్ మీ అబ్బాయి చేతిలో ఉంటోందా? "అమ్మా, మ్యాచ్!" అంటాడు. పోనీ అదేమైనా ఇండియా మ్యాచా అంటే అదీ కాదు. ఎక్కడో ఇంగ్లండులో... లివర్‌పూల్ అట, ఆర్సెనల్ అట, మాంచెస్టర్ యునైటెడ్ అట! అందులో మనవాళ్ళెవరూ ఆడరు. ఆ ఊళ్ళు మనం చూసింది లేదు, చూస్తామన్న ఆశా లేదు. కానీ ఆ జట్టు ఓడిపోతే మాత్రం మన పిల్లాడు కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఏమిటో ఈ పిచ్చి అని మీరు విసుక్కుంటూనే ఉంటారు.

ఈ పిచ్చి మీ ఇంటికే పరిమితం కాదండీ. జకార్తాలో, కౌలాలంపూర్‌లో, హనోయ్‌లో, మెల్‌బోర్న్‌లో ఎందరో తల్లులది ఇదే గొడవ. మనకి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చే మ్యాచ్ మలేషియాలో పదకొండుకి మొదలవుతుంది. శీతాకాలపు మ్యాచ్ అయితే మెల్‌బోర్న్ వాళ్ళు తెల్లవారుజామున రెండు గంటలకి అలారం పెట్టుకుని లేవాల్సిందే. అలా ఏళ్ళ తరబడి నిద్ర పాడుచేసుకుని, తమ జట్టుని ఒక్కసారి కూడా కళ్ళారా చూడకుండానే ముసలివాళ్ళైపోయిన అభిమానులు కూడా ఉంటారు. విమానం టికెట్టు, వీసా, హోటలు ఖర్చు... మామూలు సంసారికి అయ్యే పనా? అందుకే, ఆ జట్టే బయలుదేరి తమ ఊరికొస్తే వాళ్ళకి ఇంట్లో పెళ్ళి లాంటిదే.

ఇంతకీ జట్లు ఎందుకొస్తాయో చెప్పాలి కదూ? ఇంగ్లండు లీగు ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. జూన్‌లో ఆటగాళ్ళకి సెలవులు. జూలైలో మళ్ళీ ఒళ్ళు వంచి సాధన మొదలుపెడతారు. ఆ సాధన ఏదో వేరే దేశంలో చేస్తే నాలుగు డబ్బులూ వస్తాయి, నలుగురు కొత్త అభిమానులూ దొరుకుతారని క్లబ్బుల లెక్క. టికెట్లు, జెర్సీలు, ప్రకటనలు... ఊరికే రారు మహానుభావులు! ఈ మ్యాచ్‌లలో గెలిచినా పాయింట్లు రావు, ఓడినా పోయేదేం లేదు. క్లబ్బుకి అది సాధన మాత్రమే. చూసేవాడికి మాత్రం జన్మకో శివరాత్రి.

2013 జూలై 24న మెల్‌బోర్న్‌లో జరిగింది వింటే మీకే తెలుస్తుంది. మన క్రికెట్ పుణ్యమా అని ఎం.సి.జి. మైదానం పేరు మనందరం విన్నదే. ఆ రోజు అక్కడ లివర్‌పూల్ జట్టు, స్థానిక మెల్‌బోర్న్ విక్టరీ జట్టుతో ఆడింది. జూలై అంటే వాళ్ళకి చలికాలం. ఆ చలిలో, రాత్రిపూట, లెక్కలోకి రాని మ్యాచ్‌కి వచ్చిన జనం ఎంతమందో తెలుసా? 95,446 మంది! లివర్‌పూల్ సొంత స్టేడియంలో అప్పట్లో పట్టే జనానికి రెట్టింపు దాటిందన్నమాట.

ఆ క్లబ్బుకి ఒక పాట ఉంది, 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' అని. నిజానికది ఫుట్‌బాల్ పాట కానే కాదు. 1945లో అమెరికాలో వచ్చిన 'కరోసెల్' అనే సంగీత నాటకంలోది. కష్టంలో ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పే పాట. 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ళ బృందమొకటి దాన్ని రికార్డు చేస్తే ఊరు ఊరంతా పాడుకుంది. అప్పటి నుంచీ ప్రతి మ్యాచ్‌కీ ముందు జనం లేచి నిలబడి, మెడలోని ఎర్ర మఫ్లర్లు రెండు చేతులా పైకెత్తి ఆ పాట పాడతారు. టీవీలో ఏళ్ళ తరబడి విని నేర్చుకున్న ఆ పాటని, ఆ రాత్రి మెల్‌బోర్న్‌లో దాదాపు లక్షమంది ఒక్క గొంతుతో అందుకున్నారు. పుట్టి బుద్ధెరిగి లివర్‌పూల్ ఊరు చూడనివాళ్ళే అందులో ఎక్కువమంది అయ్యుంటారు. ఆ వీడియో ఇంటర్నెట్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. మీ అబ్బాయినడిగి పెట్టించుకుని చూడండి. భజనలో కూర్చున్నట్టు ఒళ్ళు జలదరిస్తుంది. ఆట సంగతంటారా... కెప్టెన్ జెరార్డ్ ఒకటి, కొత్తగా వచ్చిన అస్పాస్ ఒకటి గోలు కొట్టారు. లివర్‌పూల్ 2-0తో గెలిచింది. కానీ ఆ రాత్రి గురించి మాట్లాడేవాళ్ళెవరూ ముందుగా గోళ్ళ సంగతి ఎత్తరు, పాట సంగతే ఎత్తుతారు.

సరిగ్గా వారం ముందు వియత్నాంలో ఇంకో చిత్రం జరిగింది. ఆర్సెనల్ జట్టు హనోయ్ వచ్చింది. ఆటగాళ్ళ బస్సు వీధుల్లో వెళుతుంటే ఆర్సెనల్ చొక్కా వేసుకున్న ఓ కుర్రాడు పక్కనే పరుగు లంకించుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగిపోతాడులే అనుకున్నారు అందరూ. ఆగితేనా! మోటారు సైకిళ్ళ మధ్యనుంచి, జనం మధ్యనుంచి, పడి లేచి మళ్ళీ పరుగు... ఏకంగా సుమారు ఎనిమిది కిలోమీటర్లు! లోపల కూర్చున్న ఆటగాళ్ళు కిటికీలకి అతుక్కుపోయి, వీణ్ణి మన జట్టులోకి తీసుకోండి అంటూ పాటలు కట్టి పాడారు. చివరికి బస్సు ఆపించి లోపలికి ఎక్కించుకున్నారు. కోచ్ వెంగర్ పలకరించాడు, ఆటగాళ్ళు సంతకాలు పెట్టారు, ఫొటోలు దిగారు. ఆ తర్వాత క్లబ్బు అతన్ని లండన్‌కి కూడా పిలిపించుకుంది. పేపర్లన్నీ అతనికి 'రన్నింగ్ మ్యాన్' అని పేరు పెట్టేశాయి. జూలై 17న జరిగిన మ్యాచ్‌లో ఆర్సెనల్ 7-1తో గెలిచింది. ఏడు గోళ్ళు కొట్టినవాళ్ళకంటే ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తినవాడే జనానికి గుర్తుండిపోయాడు.

అందరి రాతా ఆ కుర్రాడిలా ఉండదు మరి. జకార్తా వాళ్ళ సంగతి చూడండి. 2009 జూలైలో మాంచెస్టర్ యునైటెడ్ వస్తోందని నగరమంతా ఎదురుచూసింది. టికెట్లు కొనుక్కుని జెర్సీలు ఉతికి పెట్టుకున్నారు. జూలై 17 పొద్దున్న రెండు పెద్ద హోటళ్ళలో బాంబులు పేలాయి. అందులో ఒకటి జట్టు దిగాల్సిన హోటలే! ప్రాణాలు పోయాయి, మ్యాచ్ రద్దయింది. ప్రాణాల ముందు ఆట ఏపాటిది? ఎవరూ తప్పు పట్టలేదు. కానీ దాచుకున్న డబ్బుతో టికెట్టు కొన్న పిల్లాడి ఏడుపు ఏ తల్లికైనా ఏడుపే కదండీ. నాలుగేళ్ళ తర్వాత, 2013లో ఒకే నెలలో ఆర్సెనల్, లివర్‌పూల్, చెల్సీ మూడూ జకార్తా వచ్చాయి. గెలోరా బంగ్ కార్నో స్టేడియం మూడుసార్లు కళకళలాడింది. తలకి ముసుగు చుట్టుకుని, పైన ఎర్ర జెర్సీ వేసుకుని స్నేహితురాళ్ళతో మ్యాచ్‌కి వచ్చే అమ్మాయిలు అక్కడ మామూలే. ఇది మగపిల్లల పిచ్చి మాత్రమేనని ఎవరన్నారు?

ఆ స్టేడియానికీ మనకీ ఓ బంధం ఉంది. 1962 ఆసియా క్రీడల్లో మన భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది ఆ మైదానంలోనే. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ రహీమ్ సాబ్. ఆయన కథతోనే 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. ఆనాడు మన ఆట చూడ్డానికి జనం ఎగబడ్డారు. ఈనాడు మన పిల్లలు లివర్‌పూల్ అంటున్నారు. కాలం తమాషా!

ఇక కౌలాలంపూర్. అక్కడ 'మామక్' హోటళ్ళని ఉంటాయి. తమిళ ముస్లిములు నడిపేవి, చాలావరకు తెల్లవార్లూ తెరిచే ఉంటాయి. మన పరోటాకి చెల్లెలు లాంటి 'రోటీ చనాయ్', దాంట్లోకి పప్పు, పైనుంచి పొడుగ్గా పోసి నురగ తేల్చిన 'తే తారిక్' టీ... పెద్ద టీవీ ముందు కుర్చీలేసుకుని జనం ఇంగ్లండు మ్యాచ్‌లు చూసేది అక్కడే. మలయ్, చైనీస్, తమిళం, ఒకప్పుడు తోటల్లో పనికని వెళ్ళిన మన తెలుగువారి మనవలు, అందరూ ఒకే బల్ల దగ్గర. అలాంటి ఊరికి 2025 మే 28న మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది. స్టేడియంలో 72,550 మంది. కానీ ఆ ఏడు జట్టు పరిస్థితి ఏమీ బాలేదు. లీగులో పదిహేనో స్థానం, పెద్ద ఫైనల్ ఒకటి ఓడిపోయి వారం. ఆట ముగిసీ ముగియగానే విమానం ఎక్కించి తీసుకొచ్చారు. అలిసిన కాళ్ళతో ఆడి, ఆగ్నేయాసియా ఆటగాళ్ళని పోగేసిన జట్టు చేతిలో 1-0తో ఓడారు. గోలు కొట్టింది మయన్మార్ కుర్రాడు. చివర్లో సొంత అభిమానులే వాళ్ళని గేలి చేశారు. ఎందుకు చెయ్యరు? మొక్కుబడిగా ఆడతామంటే ఎలా? పెళ్ళికి పిలిచి పాచిన అన్నం పెడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు? అభిమానం ఎంతున్నా ఆ మాత్రం పౌరుషం ఉండాలనే నా అభిప్రాయం.

డబ్బు సంగతీ చిన్నది కాదు. 2022 జూలైలో బ్యాంకాక్‌లో యునైటెడ్, లివర్‌పూల్ తలపడినప్పుడు టికెట్టు ధర 5,000 బాత్‌ల నుంచి 25,000 బాత్‌ల దాకా పెట్టారు. అప్పటి మన లెక్కలో చవక టికెట్టే పదకొండు వేల రూపాయలు దాకా, ఖరీదైనది యాభై వేల పైమాట. నెల జీతం మీద బతికే ఇంట్లో అది మాటలా?

మన దేశానికీ ఓ జట్టు వచ్చింది లెండి. కోళ్ళ పరిశ్రమతో పేరు తెచ్చుకున్న వెంకీస్ గురించి మీకు తెలియనిదేం కాదు. ఆ సంస్థల వ్యవస్థాపకులు తెలుగువారైన డాక్టర్ బి.వి.రావు. ఆ సంస్థ 2010 నవంబరులో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బుని కొనేసింది. మరుసటి ఏడు అక్టోబరులో ఆ జట్టు పుణే వచ్చి, అక్కడి క్లబ్బుతో ఆడి 3-0తో గెలిచి వెళ్ళింది. కోడి వేపుడు చేసేటప్పుడు ఈ సంగతి మీ అబ్బాయితో చెప్పండి, అమ్మకి ఇది కూడా తెలుసా అని నోరెళ్ళబెడతాడు.

మీ చుట్టాలు సింగపూర్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి, మీ పిల్లలు వాళ్ళింటికెళ్ళి మ్యాచ్ చూస్తామంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. టికెట్టు నిర్వాహకులు చెప్పిన చోటే కొనాలి, స్టేడియం బయట చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర వద్దు. పోస్టరులో ఉన్న స్టార్ ఆటగాడు మైదానంలోకి దిగుతాడన్న హామీ లేదని పిల్లాడికి ముందే చెప్పండి. దిగినా చాలాసార్లు సగం ఆటకే లోపలికి వెళ్ళిపోతాడు. మ్యాచ్ ఒక్కటే కాకుండా, ముందు రోజు జనం ముందు సాధన చేస్తారేమో కనుక్కోండి. ఆటగాళ్ళని తీరిగ్గా చూసేది అక్కడే. సింగపూర్, బ్యాంకాక్ అయితే బ్యాగులో పల్చటి రెయిన్‌కోటు, మెల్‌బోర్న్ అయితే స్వెట్టరు తప్పనిసరి.

జెర్సీ కొనుక్కొస్తే దాన్ని మిగతా బట్టలతో కలిపి వేడినీళ్ళలో నానేయకండి. తిరగేసి చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. వెనక పేరు, అంకె ఉన్నచోట ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, ప్రింటు ఊడి పెట్టెకి అంటుకుంటుంది. దాని మీద ఏ ఆటగాడి సంతకమో ఉందా... అయితే అసలు ఉతకనే ఉతకకండి, ఎంత మాసినా సరే!