‘పుట్టగానే ఏడవలేదు’: నవజాత శిశువు మెదడు గాయం - కుటుంబానికున్న న్యాయమార్గాలు

వ్యాససంగ్రహం:
ప్రసవ సమయంలో ప్రాణవాయువు అందక శిశువు మెదడు దెబ్బతిన్నప్పుడు కుటుంబం ముందు రెండు దారులుంటాయి. నిర్లక్ష్యాన్ని నిరూపించి నష్టపరిహారం కోరడం ఒకటి. ఎవరి తప్పునూ నిరూపించకుండానే వైకల్య హక్కులు పొందడం రెండవది. మొదటిదానికి పత్రాలు కావాలి, గడువు కూడా ఉంది. కుటుంబం మాటకూ ఆసుపత్రి రాతకూ మధ్యనున్న దూరాన్ని గమనిస్తూ ఈ రెండు దారులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నవజాత శిశువు, ప్రాణవాయు లోపం, వైద్య నిర్లక్ష్యం, కేస్‌షీట్, వినియోగదారుల చట్టం, వైకల్య హక్కులు.

1. ఉపోద్ఘాతం:
బిడ్డ ఎదుగుదల గురించి తెలుగు తల్లులు చెప్పే మాటల్లో మూడు తరచుగా వినిపిస్తాయి: ‘పుట్టగానే ఏడవలేదు’, ‘ఉమ్మనీరు మింగాడు’, ‘బాక్సులో పెట్టారు’. ఇవి అనుభవంలోంచి పుట్టిన మాటలు. అయితే న్యాయస్థానం ప్రధానంగా చదివేది ఆసుపత్రి పత్రాలను. అవి దాదాపుగా ఆంగ్లంలోనే ఉంటాయి. తల్లి మాటకు సాటివచ్చే రాత ఆ పత్రాల్లో ఎక్కడుందో తెలియకపోతే ఆమె సాక్ష్యం బలహీనపడుతుంది.

2. వైద్య నేపథ్యం:
గర్భస్థ శిశువుకు ప్రాణవాయువు మాయ, బొడ్డుతాడుల ద్వారా అందుతుంది. మాయ ముందుగా విడిపోవడం, బొడ్డుతాడు జారి నొక్కుకుపోవడం, గర్భాశయం చిట్లడం, ప్రసవం అడ్డుపడి నొప్పులు సుదీర్ఘంగా సాగడం వంటి సందర్భాల్లో ఆ సరఫరాకు ఆటంకం కలుగుతుంది. రక్తప్రసరణ, ప్రాణవాయువు తగ్గినందువల్ల మెదడుకు కలిగే ఈ స్థితిని వైద్యులు ‘హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌సెఫలోపతి’ అంటారు. 1976లో వెలువడిన సార్నాట్ వర్గీకరణ దీనిని మూడు దశలుగా విభజించింది. తొలి దశ శిశువుల్లో అధికులు కోలుకుంటారు. మూడవ దశలో మరణం లేదా తీవ్ర వైకల్యం సంభవించే అవకాశం ఎక్కువ.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) కలిగిన పిల్లల్లో అధికులకు ప్రసవ సమయపు ప్రాణవాయు లోపం కారణం కాదు. నెలలు నిండకపోవడం, ఇన్‌ఫెక్షన్లు, జన్యు కారణాలు కూడా ఉంటాయి. రెండవది, శిశువు శరీరాన్ని 33-34 డిగ్రీల సెల్సియస్ వద్ద 72 గంటలు చల్లగా ఉంచే చికిత్సను పుట్టిన 6 గంటల్లోపు ఆరంభించడం సంపన్న దేశాల్లో ప్రామాణికం. కాని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో ప్రచురితమైన ‘హెలిక్స్’ అధ్యయనంలో ఈ చికిత్స మరణాన్నీ వైకల్యాన్నీ కలిపి చూస్తే తగ్గించలేదు. పైగా మరణాలు పెరిగాయి. కనుక ‘చల్లబరిచే చికిత్స చేయలేదు’ అన్న ఒక్క కారణంతో మన దేశంలో నిర్లక్ష్యం నిరూపితం కాదు.

3. మాట - రాత:
‘పుట్టగానే ఏడవలేదు’ అన్న మాటకు సాటివచ్చేది అప్గార్ స్కోరు. గుండె వేగం, శ్వాస, కండర పటుత్వం, స్పందన, రంగు అనే ఐదు లక్షణాలకు ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు అంకెలిచ్చి, 1వ, 5వ నిమిషాల్లో దీనిని నమోదు చేస్తారు. శ్వాస అందించడానికి ఏం చేశారో, ఎప్పుడు చేశారో తెలిపే నమోదు కూడా ఇక్కడే చూడాలి. బొడ్డుతాడు రక్తపరీక్ష చేసి ఉంటే దాని ఫలితం ముఖ్యమైన ఆధారం.

‘ఉమ్మనీరు మింగాడు’ అనేది చాలావరకు ఉమ్మనీటిలో శిశువు మలం కలిసిందన్న నమోదుకు సంబంధించినది. అది శిశువు ఇబ్బందికి సూచన కావచ్చు. అంతమాత్రాన అది ఎవరి తప్పుకూ రుజువు కాదు. అసలు ప్రశ్న, ఆ సూచన కనిపించాక ఎంతసేపటికి స్పందించారన్నది. దానికి జవాబు శిశువు గుండె చప్పుడు నమోదుల్లో, ప్రసవ ప్రగతిని గీసే పార్టోగ్రాఫ్‌లో, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇచ్చిన వేళల్లో, సిజేరియన్ నిర్ణయించిన సమయంలో దొరుకుతుంది.

‘బాక్సులో పెట్టారు’ అన్నదానికి నవజాత శిశు విభాగపు కేస్‌షీట్ ఆధారం. ఫిట్స్ వచ్చిన వేళ, మెదడు స్కానింగ్ ఫలితం అందులో ఉంటాయి.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి లేదా అధీకృత ప్రతినిధి కోరిన 72 గంటల్లోపు ఈ పత్రాలివ్వాలి. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందినవారి పత్రాలను 3 ఏళ్లు భద్రపరచాలి. ప్రభుత్వ ఆసుపత్రుల విషయంలో 2005 సమాచార హక్కు చట్టం కూడా తోడ్పడుతుంది.

4. నష్టపరిహార మార్గం:
వైద్యం ‘సేవ’ అని సుప్రీంకోర్టు 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ - వి.పి. శాంత కేసులో నిర్ణయించింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యమందించే ఆసుపత్రులు మాత్రం వినియోగదారుల చట్టం పరిధిలోకి రావు. కొందరి వద్ద రుసుము తీసుకునే ఆసుపత్రిలో ఉచితంగా చికిత్స పొందినవారు కూడా వినియోగదారులే. 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు బిడ్డతోపాటు తల్లిదండ్రులను కూడా వినియోగదారులుగా గుర్తించింది. తప్పుడు ఇంజెక్షన్ వల్ల మెదడు దెబ్బతిన్న ఆ బాలునికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని సమర్థించింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఈ గడువులోనే అసలు చిక్కు ఉంది. మస్తిష్క పక్షవాతం చాలామంది పిల్లల్లో నడక, మాట ఆలస్యమైనప్పుడే బయటపడుతుంది. ‘ఆలస్యంగా నడుస్తాడులే’ అన్న ఊరడింపులో గడువు కరిగిపోతుంది. అందుచేత ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తేలకముందే పత్రాలు సేకరించుకోవడం అవసరం.

పూర్తి ఉచిత ప్రభుత్వ వైద్యం విషయంలో పౌర న్యాయస్థానం, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు మార్గాలున్నాయి. పౌర దావాలో మైనరుకు 1963 కాలపరిమితి చట్టం 6వ సెక్షన్ వెసులుబాటునిస్తుంది. క్రిమినల్ మార్గం ఇరుకైనది. వైద్యునిపై క్రిమినల్ బాధ్యత మోపాలంటే నిర్లక్ష్యం తీవ్రస్థాయిలో ఉండాలని జేకబ్ మాథ్యూ కేసు (2005) స్పష్టం చేసింది.

వ్యాజ్యం ఖర్చు గురించి చాలామందికి తెలియని విషయమొకటి ఉంది. 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయాన్ని కల్పించింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు.

5. తప్పు నిరూపించనక్కరలేని మార్గం:
బిడ్డకు చికిత్స వ్యాజ్యం ముగిసేదాకా ఆగదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు పనిచేస్తున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్తిష్క పక్షవాతం ఒకటి. 40 శాతం, అంతకుమించి వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం పరిధిలోని ‘నిరామయ’ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది. ఈ హక్కులు పొందడం నష్టపరిహార వ్యాజ్యానికి ఆటంకం కాదు.

6. ముగింపు:
మెదడు గాయమైన ప్రతి సందర్భంలోనూ తప్పు ఉండదు. తప్పు ఉన్న ప్రతి సందర్భమూ నిరూపితం కాదు. అయినా పత్రాలడగడం ఆరోపణ కాదు, హక్కు. ఆసుపత్రి నుంచి రాగానే ఎప్పుడు నొప్పులు మొదలయ్యాయో, ఎవరు చూశారో, ఏమన్నారో తేదీ, వేళలతో తెలుగులోనే రాసి పెట్టుకుంటే, ఆ రాత తరువాత కేస్‌షీట్ పక్కన నిలబడగలదు. డిశ్చార్జ్ పత్రం తల్లికి అర్థమయ్యే తెలుగులో కూడా ఉండాలన్నది తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి చేపట్టదగిన పని. బిడ్డ ఎందుకు ఏడవలేదో తెలుసుకొనే అవకాశం ఆ తల్లికి అక్కడినుండే మొదలవుతుంది.