చెరగని సిరా

పాఠశాల ప్రవేశ పట్టికలో వ్రాసిన పుట్టినతేది విద్యార్థికి జీవితాంతము సాక్ష్యము. ఆ పుటపై నాలుగు వానచినుకులు పడి అంకెలు అలుకుకొనిపోయినచో ఆ నష్టమును ఎవరు తీర్చగలరు? కావున ఉపాధ్యాయుడు కలముతోపాటు సిరాను కూడ ఎంచుకొనవలెను.

అంగడిలో దొరకు సిరాలు చాలవరకు నీట కరగిన రంగులే. ఇవి పాళీకి హాయి. కాని నీటికి చెదరును, ఎండకు వెలియును. ఇంటిపాఠములకు ఇవి చాలును.

నిలుచు సిరాలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది ఇనుపసిరా. మాచికాయలోని వగరు, అన్నభేది కలిసి, గాలి సోకినకొలది నల్లబడి కాగితపు నారలో పాతుకొనును. ఇంగ్లండులో జనన, వివాహ రిజిస్టర్లకు తరతరములుగా దీనినే వాడిరి. ఇందు ఆమ్లముండుటచే కలమును తరచు కడుగవలెను.

రెండవది మసివంటి కరగని పొడి కలిపిన సిరా. మన తాటాకులపై గంటముతో గీచి మసి పూసిన అక్షరములు శతాబ్దములు నలుపు వీడకుండుట ఈ గుణము వలననే. అయితే ఇది కలములో ఎండినచో సిరాదారి మూసుకొనిపోవును. చిత్రలేఖనమునకై లక్క కలిపిన ఇండియా ఇంకును ఫౌంటెన్ పెన్నులో ఎన్నడును పోయరాదు.

సీసాపై చీటీని నమ్మనక్కరలేదు. పట్టిక కాగితమువంటి దానిపైననే రెండు పంక్తులు వ్రాసి, ఒకనాడు ఆరనిచ్చి, ఒకదానిపై నీరు చిలుకుడు. రెండవదానిని సగము అట్టతో కప్పి నెలరోజులు ఎండ తగులు కిటికీకడ ఉంచుడు. కప్పిన సగమునకు, కప్పని సగమునకు గల భేదమును విద్యార్థులచేతనే చెప్పించుడు.