ఏ నీటికి ఆ పడవ

కాకిపిల్ల కాకికి ముద్దు అని మనవారు చెప్పుదురు. ఈ సామెత పడవలు గలవారి విషయమున ముమ్మాటికి నిజము. తన పడవను ఇతరులు తక్కువచేసి మాటలాడగా విని ఊరకుండు జాలరి ఎచటను కనబడడు. “మా తెప్ప ఎంతటి అలమీదనైనను బంతివలె పైకి లేచును” అని విశాఖపట్టణపు తీరవాసి అనును. “మా నావలో పట్టునన్ని చేపలు మీ తెప్పలో పట్టునా?” అని కాకినాడ జాలరి ఎదురు ప్రశ్న వేయును.

ఈ వేడుక మన తీరమునకే పరిమితమైనది కాదు. అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో వినోదమునకై గాలము వేయువారు లక్షలకొలది కలరు. సెలవుదినమున వారు తమ చిన్న పడవలను కార్లపై కట్టుకొని సరస్సుల గట్లకును, నదీతీరములకును చేరుదురు. నీటిలో దిగుటకు ముందు ఒకరి పడవను ఒకరు పరీక్షింతురు. పొడవెంత, వెడల్పెంత, బరువెంత, గాలపుకర్రను ఎచట నిలిపితివి, అని ప్రశ్నింతురు. చేపలు పట్టుటయందు ఎంత ఆసక్తియో, పడవలను పోల్చి చూచుటయందును వారికి అంత ఆసక్తి. వారిలో అనేకులు ‘కయాక్’ అను సన్నని చిన్నపడవను వాడుదురు.

ఇట్టి వాదములను వినినప్పుడు మనకొక సందేహము కలుగును. నిజముగా పడవలన్నింటిలో గొప్పది ఏది? దీనికి సమాధానము చెప్పవలెనన్న మొదట పడవల గుణములను కొంత తెలిసికొనవలెను.

నీటిపై తేలు ప్రతి పడవయు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని ప్రక్కకు త్రోసి, ఆ మేరకు మునిగి తేలుచుండును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఆర్కిమెడీస్ అను గ్రీకు శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమును వివరించెను. ఒకే బరువుగల రెండు పడవలలో అడుగు వెడల్పైనది తక్కువ లోతు మునుగును. అది సులభముగా ఒరుగదు. కాని ముందునకు సాగునపుడు ఎక్కువ నీటిని త్రోయవలసి వచ్చుటచేత మెల్లగా నడచును. పొడవుగా, సన్నముగా ఉన్న పడవ నీటిని చీల్చుకొని వేగముగా పోవును. కాని అందు కూర్చున్నవాడు ఏమరుపాటున ఒకవైపునకు వాలినచో బోల్తాపడును. బరువైన పడవ గాలికి చలింపదు. కాని దానిని ఒడ్డునకు లాగుటకు పదిమంది కావలెను. తేలికైన పడవను ఇద్దరు మోసికొని పోవచ్చును. కాని అది గాలికి కొట్టుకొనిపోవును. ఈ విధముగా ఒక గుణము పెరిగినచో మరియొక గుణము తరుగును. కావున పడవను నిర్మించువాని నేర్పు అన్ని గుణములను కూర్చుటలో లేదు. ఏ గుణమును విడిచినను నష్టములేదో తెలిసికొనుటలో ఉన్నది. ఆ సంగతి వానికి తెలుపునది నీరే.

శ్రీకాకుళము మొదలుకొని విశాఖపట్టణము వరకు గల తీరములో చాలచోట్ల సముద్రము తిన్నగా వచ్చి ఇసుకపై విరుచుకొనిపడును. పడవను భద్రముగా నిలుపుటకు రేవు ఉండదు. లోపలికి పోవలెనన్న ఒకదాని వెంట ఒకటిగా విరుగు అలలను దాటవలెను. అంచులుగల మామూలు పడవ ఇట్టిచోట రెండు మూడు అలలకే నీటితో నిండిపోవును. ఈ చిక్కునకు మన పూర్వులు కనుగొనిన ఉపాయము తెప్ప. తేలికైన కొయ్య దూలములను కొన్నింటిని చేర్చి, ముందుభాగము పైకి లేచునట్లు చెక్కి, త్రాళ్లతో బిగించి కట్టుదురు. దీనికి లోపల గుంట లేదు. అల పైకివచ్చిన నీరు దూలముల సందులనుండి జారిపోవును. నిండుటయే లేనపుడు మునుగుట ఎక్కడిది? అయితే, దానిపై కూర్చున్నవాడు ఎల్లవేళల తడియుచునే ఉండవలెను. వెచ్చని బంగాళాఖాతములో అది కష్టమేకాని ప్రాణాపాయము కాదు.

ఎంత తేలిక కొయ్యయైనను నీటిలో నానినచో బరువెక్కును. అందుచేత కోరమండల తీరమున జాలరులు ఒడ్డుచేరగానే త్రాళ్లు విప్పి, దూలములను విడదీసి, ఇసుకపై ఎండబెట్టెడి ఆచారము కలదు. తమిళములో దీనిని ‘కట్టుమరము’ అందురు. కట్టిన మ్రాను అని దాని అర్థము. ఆంగ్లేయుల నోట ఆ మాటయే ‘కాటమరాన్’ అయినది. చిత్రమేమనగా, నేడు ఆ పేరుతో ప్రపంచమంతట పిలువబడునది దూలముల తెప్ప కాదు. రెండు పొడవైన పడవలను ప్రక్కప్రక్కన జతచేసినట్లుండు నౌక.

విరుగుచున్న అలను ఎదుర్కొనుటకు మరియొక ఉపాయము కుట్టుపడవ. ఇందు పలకలను మేకులతో బిగింపరు. అంచుల వెంట రంధ్రములు చేసి, కొబ్బరిపీచు త్రాటితో బట్టను కుట్టినట్లు కుట్టుదురు. లోపల ప్రక్కటెముకలవంటి ఆధారపు కొయ్యలు ఉండవు. మేకులు కొట్టి బిగించిన పడవ ఇసుకపై దబ్బున పడినచో పలకలు పగులును. కుట్టుపడవ అట్లు కాక, దెబ్బతగిలినప్పుడు కొంచెము వంగి, మరల యథారూపమును పొందును. మదరాసులో రేవు నిర్మాణమగుటకు పూర్వము ఓడలు దూరముననే లంగరు వేసి నిలిచెడివి. అలలను దాటించి ప్రయాణికులను, సరకులను ఒడ్డునకు చేర్చినవి ఈ కుట్టుపడవలే. ఆంగ్లేయులు వీనిని మసూలా పడవలనిరి. తీరమునుండి లాగెడి పెద్ద వలను సముద్రములో దింపుటకును జాలరులు వీనిని వాడిరి.

కాకినాడ దగ్గర సముద్రపు స్వభావము వేరు. గోదావరి తెచ్చిన ఇసుకయు ఒండ్రును చేరి ఏర్పడిన హోప్ ద్వీపము అచట అడ్డుగోడవలె నిలిచియున్నది. దానివెనుక నీరు కొంత శాంతముగా ఉండును. గోదావరి పాయలలోను, ఉప్పుకాలువలలోను పడవలకు ఆశ్రయము దొరకును. అలలలోనుండి ఒడ్డున దుముకవలసిన అవసరము లేనపుడు పడవ బరువైనను బాధలేదు. అందుచేత అచటివారు పలకలను గట్టిగా బిగించి, తెరచాపగల పెద్ద నావలను నిర్మించిరి. వానిలో వలలకును చేపలకును చాలినంత చోటు ఉండెను. ఆ ప్రాంతమున కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధిచెందిన రేవు. 1839వ సంవత్సరపు నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని నాశనము చేసెను. రేవు పోయినను కొయ్యపని మాత్రము ఆ ప్రాంతమును విడువలేదు.

ఇక సముద్రమును విడిచి లోపలి నీటికి వత్తము. కృష్ణా గోదావరుల నడుమ కొల్లేరు కలదు. దానిలో చాలచోట్ల నీరు లోతు తక్కువ. నాచును, గడ్డియు ఎక్కువ. అచట పెద్దనావ అడుగు నేలకు తగులును. అందుకు తగినది తాటిదోనె. చాల చెట్లకు చేవ నడుమ ఉండును. తాటిచెట్టునకు గట్టిదనమంతయు వెలుపల, మెత్తదనము లోపల ఉండును. కావున మ్రానును నిలువున చీల్చి, లోపలి మెత్తని భాగమును తొలచినచో దోనె సిద్ధమగును. గడతో నేలను పొడిచి దానిని నడుపుదురు. దోనె ఇరుకైనది కావున సులభముగా ఒరుగును. బరువు మోయవలసి వచ్చినప్పుడు రెండింటిని ప్రక్కప్రక్కన కట్టుదురు. అట్టి జంటపడవకు సంగడి అని పేరు. స్నేహమునకును, స్నేహితుడగు సంగడీనికిని అదే మాట. ఒంటరిగా ఒరుగునది జతతో నిలుచును. ‘కాటమరాన్’ అను నేటి నౌకకు పేరు తెప్పదైనను, పోలిక సంగడిదే.

తుంగభద్ర, కృష్ణ మొదలగు నదులలో రాళ్లు ఎక్కువ. కొయ్యపడవ రాతికి తగిలినచో పగులును. అచట గుండ్రని పుట్టి వాడుకలోనికి వచ్చినది. వెదురుబద్దలను బుట్టవలె అల్లి, వెలుపల పూర్వము తోలును, నేడు ప్లాస్టిక్ గుడ్డను కప్పుదురు. రాయి తగిలిన అది కొంత సొట్టపడి తప్పుకొనును. దాని అడుగు వెడల్పుగా ఉండుటచేత మోకాలిలోతు నీటిలోను తేలును. అయితే అది తిన్నగా పోదు. తెడ్డువేయుటలో నేర్పులేనివాడు దానిలో కూర్చున్న గిరగిర తిరుగుచుండును. సుమారు 1520వ సంవత్సరమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు ఈ బుట్టపడవలను చూచి వర్ణించెను. అవి పదునైదు ఇరువదిమందిని మోయుననియు, గుఱ్ఱములను, ఎద్దులను సైతము వానిలో దాటింతురనియు అతడు వ్రాసెను.

ఇప్పుడు అమెరికా గాలగాండ్ర కయాక్ సంగతి చూతము. దాని పుట్టినిల్లు ఉత్తర ధ్రువప్రాంతము. గ్రీన్‌లాండు, కెనడా ఉత్తరభాగము, అలాస్కా తీరములలో నివసించు ఇన్యూట్ మొదలగు జాతులవారు దానిని నిర్మించిరి. ఆ చలిదేశమున చెట్లు అరుదు. నీటిలో కొట్టుకొనివచ్చిన కొయ్యలను ఏరి, త్రాళ్లతో చట్రముగా కట్టి, దానిపై సీలు అను జంతువు చర్మమును కప్పిరి. నీరు చొరకుండ ఆ చర్మమును కుట్టెడి పని స్త్రీలది. అచటి నీటిలో తడిసినవాడు కొద్దిసేపటికే చలిచే ప్రాణమును కోల్పోవును. కావున మనిషి కూర్చుండుటకు ఒక గుండ్రని రంధ్రమును మాత్రము విడిచి, పడవ పైభాగమంతయు మూసివేసిరి. దానిని ఎక్కువాని శరీరపు కొలతయే పడవకును కొలత. గ్రీన్‌లాండులో పడవ పొడవు సుమారు మూడు బారలని లెక్కించెడివారు. పడవ తలక్రిందులైనను, నేర్పరి తెడ్డుతో నీటిని చరచి, పడవతోసహా మరల పైకి లేచెడివాడు.

గమనించితిరా? మన తెప్ప నీటిని రానిచ్చి పోనిచ్చును. కుట్టుపడవ అలకు వంగును. కయాక్ నీటిని లోనికి రానేరానీయదు. అల ఒకటే, సమాధానములు మూడు. తెప్పను తీసికొనిపోయి ధ్రువప్రాంతమున దింపినచో దానిపై కూర్చున్నవాడు గడ్డకట్టుకొని పోవును. కయాక్‌ను తెచ్చి విశాఖ జాలరికి ఇచ్చినచో, “వలను ఎక్కడ పెట్టుకొందును?” అని అతడు నవ్వును. ఇందు ఎవరి పడవయు తక్కువది కాదు. ప్రతి పడవయు తన నీటిలో గొప్పది.

1970 దశాబ్దమునుండి కయాక్‌లను అచ్చులలో పోసి ప్లాస్టిక్‌తో చేయుచున్నారు. గాలము వేయువారు ఎక్కువగా కోరునది పైన కూర్చుండు రకము. దానికి అక్కడక్కడ రంధ్రములుండును. అల పైకివచ్చినచో నీరు వానిగుండ దిగిపోవును. మన తెప్ప నడచిన మార్గమే గదా ఇది! చలిదేశపు పడవ వెచ్చని నీటికి వచ్చి, వెచ్చని నీటి పడవ గుణమును అలవరచుకొనినది.

మన తీరమునను మార్పు వచ్చినది. 1980 తరువాత ఫైబరు పడవలును, వానికి వెనుక తగిలించు యంత్రములును క్రమముగా వ్యాపించినవి. ఫైబరు నానదు, పురుగు పట్టదు. యంత్రమువలన దూరము దగ్గరయైనది; ఎదురుగాలికి తెడ్డువేయు శ్రమ తగ్గినది. కాని నూనెకు డబ్బు కావలెను. పడవకు అప్పు కావలెను. త్రాటితో పలకలు కుట్టువారు అరుదైనారు. మేలును కీడును రెండును చూచి చెప్పుటయే న్యాయము.

పడవ గొప్పతనమునకు ఒక హద్దు కలదని మరువరాదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తుపాను తీరమును దాటినపుడు, సముద్రముమీదనున్న జాలరులు వందలకొలదిగా మరణించిరి. యంత్రములుగల పెద్దపడవలును ఆ గాలికి ఆగలేదు. కావుననే నేడు తుపాను హెచ్చరికను వినుట, ప్రాణరక్షక కవచమును ధరించుట, తీరముతో మాటలాడుటకు సాధనమును వెంట ఉంచుకొనుట పడవ నడుపుటలో భాగములైనవి. ఒడ్డున నిలిచి తన పడవను ఎంత పొగడుకొనినను తప్పులేదు. కాని నీరు ఆ పొగడ్తను వినదు. పడవను, దానిని నడుపువాని వివేకమును మాత్రమే అది పరీక్షించును.

విద్యార్థులారా! మీరు ఎప్పుడైనను ఏటి ఒడ్డునగాని సముద్రతీరమునగాని క్రొత్తరకపు పడవను చూచినచో, అది అందమైనదా, వేగమైనదా అని వెంటనే తీర్పు చెప్పకుడు. దాని అడుగు ఎట్లున్నదో చూడుడు. అంచులు ఎత్తైనవో పల్లమైనవో గమనింపుడు. అతుకులు మేకులవో త్రాళ్లవో పరిశీలింపుడు. పిదప దాని యజమానిని సమీపించి, “అయ్యా, మీ నీరు ఎట్టిది?” అని వినయముతో అడుగుడు. ఆ ప్రశ్న విన్నచో ఎంతటి మితభాషియైనను తన పడవ కథనంతయు మీకు సంతోషముతో చెప్పును.