గ్లైడరుకు తగిన మోటారు – ఎంపికలో మెలకువలు

సూరత్ నగరమనగానే మరమగ్గాలు, వజ్రాల సానపట్టు పని, జరీ నేత గుర్తుకు వస్తాయి. వాటితో పాటు గుర్తుకు రావలసినది ఉత్తరాయణం. జనవరి 14వ తేదీన మన తెలుగునాట వాకిళ్ళలో గొబ్బెమ్మలు కొలువుదీరే వేళకు, ఇక్కడ ప్రతి డాబా మీదా చరఖీలు, మాంజా దారాలు, గాలిపటాలు సిద్ధమవుతాయి. తలెత్తి ఆకాశం వైపు చూసే అలవాటు ఈ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. అట్టి పిల్లలలో కొందరికి, దారం లేకుండా ఎగిరే గాలిపటం ఉండరాదా అన్న ఆలోచన కలగడం సహజం. ఆ ఆలోచనకు సమాధానమే రేడియో నియంత్రణతో నడిచే గ్లైడరు.

గ్లైడరుకు పొడవైన రెక్కలు, సన్నని శరీరం ఉంటాయి. ఎత్తు నుండి మెల్లగా దిగుతూ, వేడెక్కి పైకి లేచే గాలి తగిలినప్పుడు గ్రద్దవలె తిరిగి పైకి పోగలదు. అయితే ముందుగా దానిని ఆ ఎత్తుకు చేర్చాలి. కొండ వాలు ఉన్న ప్రాంతాలలో అంచున నిలబడి గాలిలోకి విసిరితే సరిపోతుంది. తాపీ నది ఒండ్రుతో ఏర్పడిన సూరత్ పరిసరాలు చదునైన నేలలు. ఇక్కడ రబ్బరు తాడుతో గాని, విన్చితో గాని లాగాలి. లేదా ముక్కున ఒక విద్యుత్ మోటారును అమర్చాలి. నేడు అత్యధికులు మూడవ మార్గాన్నే అనుసరిస్తున్నారు. ఆ మోటారును ఎట్లు ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కొంత పూర్వచరిత్ర

విద్యుత్ మోటారుతో విమాన నమూనాలను ఎగురవేయడం కొత్త సంగతి కాదు. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్' అనే నమూనాను విద్యుత్ మోటారుతో, రేడియో నియంత్రణతో ఎగురవేశారు. జర్మనీలోని గ్రాప్నర్ సంస్థలో పనిచేసిన ఫ్రెడ్ మిలిట్కీ ఈ విద్యను నమూనాలతో ఆరంభించి, 1973 అక్టోబరులో మనిషిని మోసే విద్యుత్ విమానం ఆస్ట్రియాలో ఎగిరే వరకు తీసుకొనిపోయారు. అంటే మన పిల్లలు ఆటవస్తువుగా భావించే ఈ సాధనం, పెద్ద విమానాలకు పాఠశాల వంటిది.

1990వ దశకంలో నికెల్-కాడ్మియం బ్యాటరీలు, కార్బన్ బ్రష్షులు గల మోటార్లు వాడుకలో ఉండేవి. బరువెక్కువ, బలం తక్కువ. తరువాత వచ్చిన బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు పరిస్థితిని పూర్తిగా మార్చివేశాయి. నేటి చిక్కు బలం చాలకపోవడం కాదు. అవసరానికి మించిన బలాన్ని కొనుక్కోవడం.

మోటారుకూ ఒక డ్యూటీ

మనకు జనరల్ డ్యూటీ, షిఫ్టు డ్యూటీ ఉన్నట్లే మోటార్లకూ డ్యూటీ ఉన్నది. అంతర్జాతీయ ప్రమాణాలలో ఎస్-1 అంటే నిరంతరాయంగా తిరిగేది. ఎస్-3 అంటే నడుస్తూ, ఆగుతూ, మళ్ళీ నడిచేది. ఎస్-2 అంటే స్వల్పకాలం పనిచేసి, పూర్తిగా చల్లారేంత విశ్రాంతి పొందేది.

లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన మన పద్మశాలి సోదరులు నడిపే మరమగ్గాలను చూడండి. వాటి మోటారు రేయింబవళ్ళు తిరగాలి. అది ఎస్-1 కోవకు చెందినది. ఇనుప ఒడలు, చిక్కని రాగి చుట్లు. ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. గ్లైడరు మోటారు ఇందుకు పూర్తిగా భిన్నం. అది అర నిమిషం పనిచేస్తుంది, మూడు నాలుగు నిమిషాలు విశ్రాంతి తీసుకొంటుంది. ఆ విశ్రాంతి కాలమంతా అది గ్లైడరు మోయవలసిన బరువు మాత్రమే. కనుక గ్లైడరుకు కావలసినది అతి బలమైన మోటారు కాదు. అవసరమైన ఎత్తుకు చేర్చగల మోటార్లలో అతి తేలికైనది. ఎంపికకు ఇదే మూలసూత్రం.

అంతర్జాతీయ వైమానిక సమాఖ్య వారి ఎఫ్-5-జె పోటీ నియమాలలోనూ ఇదే భావం కనిపిస్తుంది. అందులో మోటారు గరిష్ఠంగా 30 సెకన్లు మాత్రమే తిరగాలి. ఎక్కిన ఎత్తుకు మార్కులు తగ్గుతాయి: 200 మీటర్ల వరకు మీటరుకు అర మార్కు, ఆపైన మీటరుకు మూడు మార్కులు. మోటారును తక్కువగా వాడి, గాలిని ఎక్కువగా చదివినవాడే విజేత.

బరువు నుండి వాట్లకు

ఉదాహరణకు రెండు మీటర్ల రెక్కలు, అన్నీ కలిపి 1.2 కిలోల బరువు గల గ్లైడరును తీసుకొందాం. సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకి ఎక్కితే చాలునని అనుకొందాం. ప్లస్ టూ భౌతికశాస్త్రం చాలు: 1.2ను 9.81తోను, 5తోను గుణిస్తే సుమారు 59 వాట్లు. గాలి నిరోధాన్ని అధిగమించడానికి మరొక 9 వాట్లు కలిపితే 68 వాట్లు. ఇది నికరంగా కావలసిన శక్తి.

ప్రొపెల్లరు తనకు అందిన శక్తిలో సగాని కంటె కొంచెం ఎక్కువను మాత్రమే వినియోగంలోకి తెస్తుంది. మోటారు, స్పీడ్ కంట్రోలరు కలిసి మరి కొంత వేడి రూపంలో వృథా చేస్తాయి. మొత్తం మీద 45 శాతం దక్కుతుందనుకొంటే, బ్యాటరీ ఇవ్వవలసినది సుమారు 150 వాట్లు. అనగా కిలోకు 125 వాట్లు. సామాన్యమైన గ్లైడర్లకు కిలోకు 100 నుండి 150 వాట్లు అనే వాడుక లెక్కకు ఇది సరిపోతుంది.

మోటారు బరువులో గ్రాముకు 3 వాట్లు అన్నది మరొక వాడుక లెక్క. దాని ప్రకారం మనకు 50 నుండి 60 గ్రాముల మోటారు చాలు.

కేవీ అంటే కిలోవోల్టు కాదు

మన సంస్థలో కేవీ అనగానే సబ్‌స్టేషన్ గుర్తుకు వస్తుంది. నమూనా మోటార్ల మీద ముద్రించే కేవీ వేరు. భారం లేనప్పుడు ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అది తెలుపుతుంది. అది బలానికి కొలమానం కాదు. నిజానికి కేవీ పెరిగే కొద్దీ ఒక ఆంపియరుకు లభించే మెలితిప్పు బలం తగ్గుతుంది.

ఈ తేడా తెలియకనే ఎక్కువ నష్టాలు జరుగుతున్నాయి. మన కాలనీలో ఇంటర్ చదివే ఒక అబ్బాయి నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో 2200 కేవీ మోటారు కొన్నాడు. అంకె పెద్దది కనుక మోటారు గొప్పదని అతని నమ్మకం. దానికి 10 అంగుళాల ప్రొపెల్లరు బిగించి థ్రాటిల్ పూర్తిగా ఇవ్వగానే వార్నిషు కాలిన వాసన వచ్చింది. తండ్రి ఇక ఈ ఖర్చు వద్దన్నారు. పిల్లవాడిలో మొలకెత్తిన ఒక ఇంజనీరింగ్ అభిరుచి, కేవలం ఒక అంకెను తప్పుగా చదివినందున వాడిపోవడం విచారకరం.

ఎందుకు కాలిందో చూద్దాం. ప్రొపెల్లరు మ్రింగే శక్తి, వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 900 కేవీకి బదులు 2200 కేవీ వాడి, అదే వేగ నిష్పత్తిలో అదే ప్రొపెల్లరును తిప్పబోతే, సిద్ధాంతరీత్యా 14 రెట్లకు పైగా శక్తి కావాలి. మోటారు అంత ఇవ్వలేదు. కరెంటును మాత్రం ఎంతైనా లాగబోతుంది. కరెంటు రెట్టింపైతే రాగిలో పుట్టే వేడి నాలుగు రెట్లు.

కనుక ఎంపిక క్రమం వెనుక నుండి ముందుకు సాగాలి: మొదట బరువు, తరువాత వాట్లు, ఆపై ప్రొపెల్లరు, చివరకు కేవీ. గ్లైడరు నెమ్మదిగా ఎగిరేది కనుక, పెద్ద ప్రొపెల్లరు నిదానంగా తిరగడం మేలు. ఎక్కువ గాలిని కొద్దిగా నెట్టడం, కొద్ది గాలిని విపరీతంగా నెట్టడం కంటె పొదుపు. మన ఉదాహరణకు 10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ గల ముడిచే ప్రొపెల్లరు నిమిషానికి సుమారు 7,300 చుట్లు తిరిగితే సరిపోతుంది. మూడు సెల్లుల బ్యాటరీ భారం మీద సుమారు 10.5 వోల్టులు ఇస్తుంది. ఆ వోల్టేజికి ఈ వేగం రావాలంటే, భారం వల్ల కలిగే తగ్గుదలను లెక్కించి, సుమారు 900 కేవీ మోటారు కావాలి. మన దేశంలో విరివిగా లభించే 2212 తరగతి మోటార్లలో 1000 కేవీ రకం దీనికి దగ్గరగా ఉంటుంది. దానికి ప్రొపెల్లరును ఒక మెట్టు తగ్గించి వాడవచ్చు. 2212 అనే అంకెలు లోపలి స్టేటరు వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12 మిల్లీమీటర్లు అని తెలుపుతాయి.

ప్రొపెల్లరు వ్యాసాన్ని 10 నుండి 11 అంగుళాలకు పెంచడం చిన్న మార్పుగా తోస్తుంది. కాని అదే వేగంలో అది సుమారు 46 శాతం ఎక్కువ శక్తిని కోరుతుంది. అందువలన ప్రొపెల్లరు మార్చిన ప్రతిసారీ బ్యాటరీకి, కంట్రోలరుకు నడుమ వాట్ మీటరు పెట్టి కరెంటును కొలవాలి. ఊహించడం కంటె కొలవడం చౌక.

బ్యాటరీ, కంట్రోలరు

150 వాట్లను 10.5 వోల్టులతో భాగిస్తే సుమారు 14 ఆంపియర్లు. కంట్రోలరు దీనికి రెట్టింపు, అనగా 30 ఆంపియర్లది తీసుకొంటే అది చల్లగా పనిచేస్తుంది. అందులో బ్రేకు సదుపాయాన్ని తప్పక అమర్చుకోవాలి. మోటారు ఆగిన వెంటనే ప్రొపెల్లరు నిలిచి, వెనుకకు ముడుచుకోవాలి. లేనిచో గాలికి తిరుగుతూ గ్లైడరును వెనుకకు లాగుతుంది.

1300 మిల్లీ ఆంపియర్-అవర్ బ్యాటరీలో 80 శాతం మాత్రమే వాడుదాం. 120 మీటర్లు ఎక్కడానికి 24 సెకన్లు. అందుకు ఖర్చయ్యేది సుమారు 95 మిల్లీ ఆంపియర్-అవర్. రిసీవరు, సర్వోల వాటా తీసివేసినా తొమ్మిది పర్యాయాలు పైకి ఎక్కవచ్చు. సెకనుకు 0.6 మీటర్లు దిగే గ్లైడరు ఒక్కొక్క పర్యాయం 200 సెకన్లు తేలుతుంది. అంటే నిశ్చలమైన గాలిలోనే అరగంటకు పైగా ఆనందం. ఇంతకంటె పెద్ద బ్యాటరీ పెడితే, అదనపు కాలం కంటె అదనపు బరువే ముందుగా తెలుస్తుంది.

మోటారు ముక్కున ఉంటుంది కనుక, గురుత్వ కేంద్రం కోసం పూర్వం అక్కడ ఉంచిన సీసం ముక్కలను తీసివేయవచ్చు. ముక్కు వద్ద గాలి లోనికి పోవడానికి రంధ్రం, వెనుక బయటకు రావడానికి అంతకంటె పెద్ద రంధ్రం ఉండాలి. సూరత్ వేసవిలో ఇది మరింత అవసరం.

భద్రతే ప్రథమం

తిరిగే ప్రొపెల్లరు కత్తివంటిది. బ్యాటరీ తగిలించిన క్షణం నుండి దానిని తిరుగుతున్నట్లే భావించి, వెనుక వైపున నిలబడాలి. ఇంటిలో అమరికలు చేసేటప్పుడు ప్రొపెల్లరును విప్పివేయాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీని మనిషి దగ్గర లేకుండా చార్జి చేయరాదు. మండే వస్తువులకు దూరంగా ఉంచాలి. మే నెల ఎండలో నిలిపిన కారులో వదలరాదు. నిల్వ ఉంచేటప్పుడు సెల్లుకు 3.8 వోల్టులు ఉండాలి. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు; దానిపై జాలి పనికిరాదు.

ఎగురవేసే స్థలం విషయంలో 2021 డ్రోన్ నియమావళిని పాటించాలి. డిజిటల్ స్కై పటంలో మన స్థలం ఏ మండలంలో ఉన్నదో, నమోదు విషయంలో ఏ నియమం వర్తిస్తుందో ముందుగా చూసుకోవాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగులు, అనగా సుమారు 120 మీటర్లు. విమానాశ్రయానికి 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు మాత్రమే హద్దు. డుమస్ సముద్రతీరం ఎంత ఆకర్షించినా, విమానాశ్రయానికి చేరువలో ఉన్నది కనుక తగదు. హజీరా కర్మాగారాల పరిసరాలు అసలే తగవు. బార్డోలీ వైపు ఖాళీ పొలాలు అనుకూలమే. అయితే ఎదిగిన చెరకు తోటలో పడిన గ్లైడరు దొరకడం కష్టం. ఉత్తరాయణం రోజులలో ఆకాశమంతా మాంజా దారాలే. ఆ రోజులను గాలిపటాలకే వదిలివేయడం మంచిది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు మోటారు అడిగినప్పుడు వెంటనే కొనిపెట్టవద్దు; వెంటనే కాదనవద్దు. ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, బరువు నుండి కేవీ వరకు లెక్క చేసి తెమ్మనండి. వాట్లు, టార్కు, సామర్థ్యం అనే మాటలు పరీక్ష ముగియగానే మరచిపోయే పాఠాలు కాక, చేతిలో బరువుగా, చెవిలో చప్పుడుగా వారికి అనుభవమవుతాయి. లెక్క సరిచూడడానికి మన కర్మాగారంలో ఇంజనీర్లకు కొదువ లేదు. సెలవు దినాన ఒక గంట వెచ్చిస్తే, ఒక మోటారు కాలకుండా మిగులుతుంది. ఒక అభిరుచి చల్లారకుండా నిలుస్తుంది.