లేవీయకాండమున గబ్బిలము: పక్షిశబ్దవిచారము

నూజివీటి మామిడితోటలలో ఫలములు పక్వమగు దినములందు రాత్రివేళ గబ్బిలములు వచ్చి వ్రాలుట తోటకాపరు లెల్ల రెరిగినదే. వానిని పక్షులని వ్రాసిన బాలుని పాఠశాలలో ఉపాధ్యాయుడు దిద్దును. పిల్లలకు పాలిచ్చును గనుక గబ్బిలము క్షీరదమనును. ఆ బాలుడే యింట తెలుగు బైబిలు దెరచి లేవీయకాండము 11వ అధ్యాయము చదివెనేని, తినరాని పక్షుల పట్టిక 13వ వచనమున నారంభమై 19వ వచనమున గబ్బిలముతో ముగియుట కాంచును. ఇందేది తప్పు?

మూలమునందలి హీబ్రూపదము 'ఓఫ్'. ఎగురునది యని దాని యర్థము. 20వ వచనమున రెక్కల పురుగులకును ఈ పదమే వాడబడినది. కావున నచటి విభాగము సంచారమును బట్టి యేర్పడినదే కాని దేహనిర్మాణమును బట్టి కాదు. 'పక్షి' యనగానే మనకు ఈకలును గ్రుడ్లును స్ఫురించుటచే విరోధము తోచుచున్నది. వ్యుత్పత్తి చూచినచో పక్షములు గలది పక్షి; అంతకంటె నధిక మా పదమున లేదు. అనువాదకులు 'ఎగురునవి' యని యుండిన నీ చిక్కే రాకుండెడిది.

మన నిఘంటుకర్తయు నిట్లే చేసెను. అమరసింహుడు సింహాదివర్గమున గబ్బిలమును పక్షుల నడుమ నుంచి జతుక, అజినపత్ర యను పేరులు చెప్పెను. అజినమనగా తోలు, పత్రమనగా రెక్క. ఆ రెక్క యీకలది కాదని యెరిగియే పక్షులలో జేర్చిరన్నమాట! ఈ పేరు పెట్టినవాడెవడో, వాని చూపు మిక్కిలి నిశితము. పాశ్చాత్యులలో లిన్నేయసు 1758లో గబ్బిలమును మనుష్యుడును వానరమును గల గణమున నుంచెను. 1779లో బ్లూమెన్‌బాఖు దానిని 'చేతిరెక్కలు గలవి' యను పేర వేరుచేసెను.

ఈ సమాధానము నన్నిచోట్ల బ్రయోగింపరాదు. అదే యధ్యాయము 6వ వచనమున కుందేలు నెమరువేయునని యున్నది. మ్రింగిన మేతను కడుపునుండి నోటికి రప్పించి మరల నమలుట నెమరు. పసులున్న యింట నెవరి నడిగినను జెప్పుదురు. కుందేటి కట్టి కడుపు లేదు. అది తన మెత్తని పెంటికలను మరల దినుట నిజమే. దానినే నెమరని కొందరు వ్యాఖ్యాతలు సమర్థింతురు. హీబ్రూమాటలు పైకి దెచ్చుటను జెప్పుచున్నవి గాన నా కీ సమర్థనము రుచింపదు. ఎడతెగక కదలు దాని దవడను జూచి లోకులనుకొన్న మాటయే వ్రాతకెక్కినదనుట యుక్తము.

మత్తయి సువార్త 13:32లో ఆవగింజ విత్తనములన్నిటిలో చిన్నదనుటను గూర్చి యింత విచారమక్కరలేదు. 'ఆవగింజంత' యని నిత్యమును బలుకు మన రైతు పొగాకువిత్తు దానికంటె చిన్నదని యెరుగనివాడా?